ఊకె కూసున్నప్పుడు ఎంత తింటది?

దేవరకొండ బస్టాండు ఎనక సందుల దుకాణం మాది.
ఇన్వర్టర్లు, బ్యాటరీలు, సోలార్ పలకలు,
గల్లాపెట్టె మీద ఆరిపోయిన ఊదుబత్తి.
ఏడేండ్ల సంది అమ్ముతున్న.
వచ్చినోళ్ళు రెండే అడుగుతరు:
ఎంత? ఎంతకిస్తవ్?

సాలమ్మ కూసోకుండనే
ముందు తన కత చెప్పింది.

కృష్ణ ఎనక నీళ్ళ ఒడ్డున తొమ్మిది గుడిసెలు.
కరెంటు స్తంభం గుట్ట అవతలనే ఆగింది,
పడవెక్కుడు రానట్టు.
పోయిన ఎండకాలం ఎవడో అగ్గువకిచ్చిన డబ్బా
మూడోవారం నడిరాత్రి పొగలేసింది.
ఫ్రీజరుల నలభై కిలోల బొచ్చెలు.
"తెల్లారి గుంట తీసి పూడ్చినం బిడ్డా,
చేపలు మట్టైనయి
అప్పు మొలిసింది."

బల్ల మీద రెండు పెట్టిన.
ఒకటి సన్నగ, నున్నగ, నీలం అంకెలు మెరుస్తయి.
ఒకటి నల్లగ, గట్టిగ, మోటుగ.
సన్నదాని మీద నాకు ఆరొందలు మిగుల్తయి.
ఆ ముచ్చట చెప్పలే.

ఆమె చదవలే. రెండు చేతుల్ల ఎత్తింది,
కండ్లు మూసి,
కాంటా లేకుండ చేప తూకం చెప్పే చేతులవి.
"గిండ్ల ఏం లేదాయె!"
నల్లదాన్ని ఎత్తి, నడుము సవరించుకొని,
"గిండ్ల ఏమున్నది?"
రాగి, అన్న. చుట్టలు చుట్టలుగ రాగి.

"వల గుంజేటప్పుడు
మొదటి గుంజుడే బరువు.
ఎనక సగం నీళ్ళే మోస్తయి.
ఫ్రీజరు గూడ గంతేనట గద.
గా మొదటి గుంజుడుకు ఏది నిలవడ్తది?"

సన్నదాని మీద వెయ్యి అని రాసున్నది.
ఆ వెయ్యి ఎంతసేపని
నన్నెవరూ అడగలే, నేనూ కంపెనీని అడగలే.

టేబుల్ ఫ్యాను తెచ్చి తగిలించిన.
సన్నదానికి తగిలిస్తే మూలిగింది,
పంటి నొప్పి ఉన్నోళ్ళ లెక్క.
అండ్ల కరెంటు మెట్లు మెట్లుగ వస్తదన్న.
నల్లదానికి తగిలిస్తే గాలి ఒక్కటే వినొచ్చింది.
"ఇది అల," అన్నది సాలమ్మ,
నేను చెప్పకముందే.

అప్పుడడిగింది:
"అన్నీ బందు జేసి, ఊకె కూసున్నప్పుడు
ఇది ఎంత తింటది?"

బయట ఆటో హారన్ కొడుతున్నడు.
సన్నది తక్కువే తింటది, అదొక్కటే దాని మంచి.
ఆ మాట పట్టుకుంటే నా ఆరొందలు నాకే.
ఎందుకో నా కండ్లు
ఆమె గోర్ల కింద ఇరికిన పొలుసు మీద పడ్డయి.

నల్లదే ఎక్కువ తింటదమ్మా, అన్న.
ఊకె కూసున్నా ఇరవై వాట్ల పైనే.
మబ్బు పట్టిన దినం బ్యాటరీకి భారమే.

ఆలోచన చేసింది. ఎంతసేపంటే
ఆటో వెళ్ళిపోయింది.
"తిననీ. అయిన కాడికి పని జేస్తది గద,
మా పెనిమిటి లెక్క కాదు.
ఇంకో పలక ఎయ్యి."

రిపేరు ఎవరు జేస్తరంటే, సందు చివర ఖాజా అన్న.
పోయి అతని మొఖం చూసొచ్చింది.
ఏం మాట్లాడిందో తెల్వది,
వచ్చి కొంగుముడి విప్పింది.
నోట్లు నీసు వాసన.

లావు తీగె కోసిచ్చిన, మూరెడే.
బ్యాటరీ పక్కనే పెట్టు,
తీగె పొడుగైతే దారిలనే తాగేస్తది.
బల్లి దూరకుండ జాలి కట్టు.
పడవల తడవనియ్యకు.
చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నది,
ఇరవై రెండు కిలోల పిల్లను.

మా యాపారంల ఒక ఇచ్చంత్రం ఉన్నది.
చెడ్డ సరుకు కొన్నోళ్ళు
వారం వారం కనవడ్తరు, తిట్టుకుంట.
మంచిది కొన్నోళ్ళు మళ్ళ రారు.

సాలమ్మ రాలే.
చైత్రం పాయె, వైశాఖం పాయె.
రాత్రి ఒక్కోసారి మెలకువొచ్చి
నిలవడ్డదా అనుకునేటోణ్ణి.

మొన్న అంగడిల చూసిన, దూరం కెల్లి.
నన్ను చూడలే, బేరంల ఉన్నది.
నడి ఎండల, తట్టల, బొచ్చె మొప్పల కాడ
ఇంకా కరగని
మంచుపెళ్ళ.